సర్కారు కాగితం మీద ప్రైవేటు ప్రకటన: వచ్చే ఆదాయం ఎంత, పోయే నమ్మకం ఎంత?

పోస్టుకార్డు, బస్సు టికెట్, రైల్వే టైమ్‌టేబుల్, టెలిఫోన్ డైరెక్టరీ, గెజిట్, ప్రభుత్వ మాసపత్రిక. ఇవన్నీ సర్కారు అచ్చువేసేవే, లేదా సర్కారు పేరుతో జనం చేతికి వచ్చేవే. వీటిలో ఖాళీగా ఉన్న జాగాను వ్యాపారులకు అమ్ముకుంటే ఖజానాకు నాలుగు డబ్బులు వస్తాయి కదా అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. మన దేశంలో ఇది ఏళ్ల తరబడి నడుస్తున్నదే. కొన్నిచోట్ల బాగా పనికొచ్చింది. కొన్నిచోట్ల గొడవలు తెచ్చింది. ఒకసారి సుప్రీంకోర్టు దాకా కూడా వెళ్లింది.

ఉర్దూలో ఇష్తెహార్, తెలుగులో ప్రకటన, వాడుకలో యాడ్. పేరేదైనా, అది సర్కారు కాగితం మీద కనబడితే చదివేవాళ్లు వేరే చూపు చూస్తారు. "గవర్నమెంటోళ్లే వేశారంటే నిజమే అయ్యుంటుంది" అనుకునే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. అందుకే ఇందులో ఆదాయం లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు. ఈ పద్ధతి ఎక్కడెక్కడ ఉంది, డబ్బు ఎలా వస్తుంది, చట్టం ఏమంటుంది, మామూలు కుటుంబాలు ఏం గమనించాలి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

ముందు ఒక తేడా

ప్రభుత్వ ప్రకటన అనగానే చాలామందికి గుర్తొచ్చేది పేపర్లో మొదటి పేజీ నిండా ముఖ్యమంత్రి ఫోటోతో వచ్చే పథకాల యాడ్. అక్కడ ప్రభుత్వం డబ్బు ఇస్తుంది, పత్రిక తీసుకుంటుంది. కేంద్రంలో ఈ పనిని ఒకప్పుడు డీఏవీపీ చూసేది, ఇప్పుడు సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్ చూస్తోంది. ఆ యాడ్స్‌లో ఎవరి ఫోటో ఉండాలి, ఎవరిది ఉండకూడదు అన్న దాని మీద సుప్రీంకోర్టు 2015 మే 13న కామన్ కాజ్ కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. 2016లో వాటిని కొంత సడలించింది.

ఇక్కడ మాట్లాడుకుంటున్నది దానికి తిరగబడ్డ వ్యవహారం. ఇందులో ప్రభుత్వమే డబ్బు తీసుకుంటుంది. వ్యాపారి డబ్బు కట్టి ప్రభుత్వ ప్రచురణలో జాగా కొనుక్కుంటాడు. బడ్జెట్ భాషలో దీన్ని పన్నేతర ఆదాయం అంటారు. కొత్త పన్ను వేయకుండా, టికెట్ ధర పెంచకుండా వచ్చే డబ్బు కాబట్టి ఏ ప్రభుత్వానికైనా ఇది తియ్యగానే ఉంటుంది.

రేడియో, టీవీల్లో ఈ దారి ఎప్పుడో తెరుచుకుంది. ఆకాశవాణి వారి వివిధ భారతిలో 1967 నవంబర్ 1 నుంచి వాణిజ్య ప్రకటనలు మొదలయ్యాయి. దూరదర్శన్‌లో 1976 జనవరి 1 నుంచి వచ్చాయి. సర్కారు రేడియోలో సబ్బుల యాడ్ ఏంటని అప్పట్లో ముక్కున వేలేసుకున్నవాళ్లు ఉండొచ్చు. ఇప్పుడు ఎవరికీ అది వింతగా అనిపించదు. అచ్చు కాగితం కథ మాత్రం అంత సాఫీగా సాగలేదు.

గెజిట్‌లోనూ ప్రైవేటు ప్రకటన ఉంది

ప్రభుత్వ ప్రచురణల్లో అన్నిటికన్నా గంభీరమైనది గెజిట్. చట్టాలు, జీవోలు, నియామకాలు అందులో వస్తేనే అధికారికం. అలాంటి గెజిట్‌లో కూడా డబ్బు కట్టి వేయించుకునే ప్రకటనలకు ఒక భాగం ఉంది. గెజిట్ ఆఫ్ ఇండియాలో నాలుగో భాగం పేరే "ప్రైవేటు వ్యక్తులు, ప్రైవేటు సంస్థల ప్రకటనలు, నోటీసులు".

ఈ భాగంతో మన కుటుంబాలకు దగ్గరి సంబంధమే ఉంది. ఆధార్‌లో షేక్, పదో తరగతి మెమోలో షేఖ్, పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగ్. ఒక కార్డులో ఎండీ, ఇంకో దాంట్లో మొహమ్మద్ అని పూర్తిగా. పెళ్లయ్యాక బేగం అని ఒకచోట, బీ అని ఇంకోచోట. గల్ఫ్ వీసాకో, ఉద్యోగానికో వెళ్లినప్పుడు ఈ అక్షరాల తేడా పెద్ద తలనొప్పి అవుతుంది. అప్పుడు అఫిడవిట్ చేయించి, పత్రికల్లో ప్రకటన ఇచ్చి, ఫీజు కట్టి గెజిట్‌లో పేరు మార్పు వేయిస్తారు. కేంద్ర గెజిట్ అయితే ఢిల్లీలోని డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లికేషన్ ద్వారా, తెలంగాణ గెజిట్ అయితే హైదరాబాద్ చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయం ద్వారా ఈ పని జరుగుతుంది. కేంద్ర గెజిట్‌ను 2015 అక్టోబర్ నుంచి కాగితం మీద అచ్చువేయడం ఆపేసి, ఆన్‌లైన్‌లోనే పెడుతున్నారు.

గమనించాల్సింది ఏంటంటే, నాలుగో భాగంలో ప్రకటనలకు ముందే ఒక హెచ్చరిక ఉంటుంది. ఇందులో వచ్చే ప్రకటనలకు ప్రభుత్వం చట్టపరమైన బాధ్యత తీసుకోదని, తప్పుడు సమాచారం ఉంటే వేయించుకున్నవాళ్లదే పూర్తి బాధ్యత అని దాని సారాంశం. అంటే గెజిట్ కూడా తన మాటను, డబ్బు కట్టినవాళ్ల మాటను విడివిడిగా చూపిస్తోంది. వేరే భాగం, ముందే హెచ్చరిక. ఈ రెండు పద్ధతులు మిగతా ప్రచురణలకు కూడా కొలబద్దగా పనికొస్తాయి.

మేఘదూత్ కార్డు లెక్క

ప్రకటనల డబ్బు నేరుగా జనానికి లాభంగా మారిన ఉదాహరణ కావాలంటే మేఘదూత్ పోస్టుకార్డును చూడాలి. మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న వచ్చింది. పేదవాడి ఉత్తరం కాబట్టి ప్రభుత్వాలు దాని ధర పెంచడానికి ఎప్పుడూ వెనకాడాయి. మామూలు కార్డు ధర 50 పైసల దగ్గరే ఆగిపోయింది. కానీ దాన్ని అచ్చువేసి, మూటగట్టి, ఊరూరా పంచడానికి అయ్యే ఖర్చు ఆగలేదు. తపాలా శాఖ లెక్కల్లో 2016-17 నాటికి ఒక్కో కార్డు మీద ఖర్చు సుమారు 12 రూపాయలు. చేతికొచ్చేది మాత్రం అర్ధ రూపాయి.

ఈ నష్టాన్ని కొంతైనా పూడ్చాలని 2002 సెప్టెంబర్‌లో తపాలా శాఖ మేఘదూత్ కార్డు తెచ్చింది. అడ్రస్ రాసే వైపు ఎడమ సగంలో ప్రకటన అచ్చువేస్తారు. జనానికి ఈ కార్డు 25 పైసలకే. ప్రకటన ఇచ్చినవాళ్లు ఒక్కో కార్డుకు 2 రూపాయలు కట్టాలి, కనీసం లక్ష కార్డులు వేయించాలి.

లెక్క వేసి చూద్దాం. లక్ష మామూలు కార్డులు అమ్మితే వచ్చేది 50,000 రూపాయలు. లక్ష మేఘదూత్ కార్డులు అమ్మితే జనం నుంచి 25,000, ప్రకటనదారు నుంచి 2,00,000, మొత్తం 2,25,000. అంటే జనానికి సగం ధరకే కార్డు ఇచ్చి కూడా తపాలా శాఖకు అదనంగా 1,75,000 వచ్చినట్టు. రాసేవాడికి లాభం, శాఖకు లాభం, ప్రకటన ఇచ్చినవాడికి లక్ష ఇళ్లలో ప్రచారం.

అయితే ఇదే లెక్కలో ఇంకో సంగతి కూడా ఉంది. కార్డుకు 2 రూపాయల 25 పైసలు వచ్చినా, 12 రూపాయల ఖర్చు పక్కన పెడితే అది ఐదో వంతు కూడా కాదు. ప్రకటనలు నష్టాన్ని తగ్గించగలవు గానీ తీర్చలేవు. పైగా ఉత్తరాలు రాసేవాళ్లే తగ్గిపోతే ఆ కార్డు మీద యాడ్ ఇచ్చేవాడు కూడా ఉండడు. 25 పైసల నాణెం 2011 జూన్ 30 తర్వాత చెల్లుబాటే కాకుండా పోయింది. చేతిలో మొబైల్ వచ్చాక ప్రకటనల డబ్బు అటే మళ్లింది. ప్రభుత్వ ప్రచురణ మీద జనం చూపు ఉన్నంతవరకే ప్రకటనల ఆదాయం అన్నది మేఘదూత్ నేర్పిన పాఠం.

టెలిఫోన్ డైరెక్టరీ, సుప్రీంకోర్టు

ప్రకటనల ఆదాయం కోసం ప్రభుత్వ ప్రచురణను తెరిచాక వచ్చిన పెద్ద కేసు టాటా ప్రెస్, ఎంటీఎన్ఎల్ మధ్య నడిచింది. ముంబై, ఢిల్లీ నగరాల్లో టెలిఫోన్లు నడిపిన ప్రభుత్వ కంపెనీ ఎంటీఎన్ఎల్. 1987 దాకా టెలిఫోన్ డైరెక్టరీని ప్రభుత్వం వైపు నుంచే అచ్చువేసి పంచేవాళ్లు. అందులో చందాదారుల పేర్లు, నంబర్లు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. 1987 నుంచి ఆ పనిని బయటి కాంట్రాక్టర్లకు ఇచ్చారు. డైరెక్టరీకి పసుపు పేజీలు జోడించి, వాటిలో వ్యాపారుల ప్రకటనలు వేసుకుని డబ్బు రాబట్టుకోవచ్చని వాళ్లకు అనుమతి ఇచ్చారు.

అదే సమయంలో టాటా ప్రెస్ తన సొంత యెల్లో పేజెస్ పుస్తకం తెచ్చింది. ఏ వస్తువు ఎక్కడ దొరుకుతుందో చెప్పే కొనుగోలుదారుల గైడ్ అది. టెలిఫోన్ చందాదారుల జాబితా వేసే హక్కు మాదే, ఇంకెవరూ వేయకూడదు అని ఎంటీఎన్ఎల్, కేంద్రం కోర్టుకు వెళ్లాయి. సివిల్ కోర్టులో ఓడిపోయాయి, హైకోర్టులో గెలిచాయి. చివరికి 1995 ఆగస్టులో సుప్రీంకోర్టు టాటా ప్రెస్ వైపు తీర్పు చెప్పింది.

ఆ తీర్పులో కోర్టు తేల్చిన ముఖ్య విషయం, వ్యాపార ప్రకటన కూడా రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం కింద వాక్ స్వాతంత్ర్యంలో భాగమే అని. ప్రకటన ఇచ్చేవాడికి చెప్పుకునే హక్కు ఉన్నట్టే, కొనేవాడికి తెలుసుకునే హక్కు కూడా ఉందని, అయితే మోసపుచ్చే, అబద్ధపు ప్రకటనలను ప్రభుత్వం ఆపవచ్చని చెప్పింది. చందాదారుల జాబితా వేరు, వ్యాపార ప్రకటనల పుస్తకం వేరు అని కూడా గీత గీసింది.

దీనికి ముందు దారి వేరుగా ఉండేది. 1959 చివర్లో హమ్‌దర్ద్ దవాఖానా కేసులో సుప్రీంకోర్టు, మందుల అమ్మకం కోసం ఇచ్చే ప్రకటనకు వాక్ స్వాతంత్ర్యం రక్షణ వర్తించదని చెప్పింది. వేసవిలో మన ఇళ్లలో కనబడే రూహ్ అఫ్జా తయారుచేసే హమ్‌దర్దే అది. 1954లో వచ్చిన అభ్యంతరకర మందుల ప్రకటనల చట్టాన్ని ఢిల్లీ లాల్ కువాఁలోని ఆ సంస్థ సవాలు చేసింది. ఆ చట్టంలో కొన్ని అంశాలను కోర్టు కొట్టేసింది గానీ, ప్రకటన హక్కు వాదనను మాత్రం ఒప్పుకోలేదు. 1995 తీర్పు ఆ పాత మాటను ఆ కేసు వరకే పరిమితం చేసింది.

టెలిఫోన్ డైరెక్టరీ కేసులో సర్కారు శాఖలకు కూడా ఒక పాఠం ఉంది. ప్రకటనల మార్కెట్లోకి దిగాక ప్రభుత్వ సంస్థ కూడా ఒక వ్యాపారే. పోటీదారును చట్టం అడ్డుపెట్టి ఆపాలంటే కుదరదు.

పత్రికలు: ఎవరి డబ్బు ఎవరికి?

కేంద్ర సమాచార శాఖ కింద ఉన్న పబ్లికేషన్స్ డివిజన్ 1941 నుంచి పనిచేస్తోంది. యోజన పత్రికను 1957 జనవరి 26న మొదలుపెట్టారు, మొదటి సంపాదకుడు ఖుష్వంత్ సింగ్. ఇప్పుడది తెలుగు, ఉర్దూతో కలిపి 13 భాషల్లో వస్తోంది. ఉర్దూ సాహిత్య పత్రిక ఆజ్‌కల్ కూడా ఇక్కడిదే. జోష్ మలీహాబాదీ దానికి సంపాదకుడిగా పనిచేశారు. 1976లో మొదలైన ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ ఇంగ్లిష్, హిందీ, ఉర్దూ భాషల్లో వస్తుంది. ఉద్యోగాల కోసం చదువుకునే పిల్లలున్న ఇళ్లలో దీని పేరు తెలియనివాళ్లు ఉండరు.

యోజనలో డబ్బు కట్టి ప్రకటన వేయించుకోవచ్చు. సివిల్స్ కోచింగ్ సెంటర్లకు, పుస్తకాల కంపెనీలకు ఈ పత్రిక మీద ఎందుకు ఆసక్తి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు, చదివేవాళ్లలో ఎక్కువమంది పోటీ పరీక్షల అభ్యర్థులే. ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ సంగతి ఇంకో రకం. అందులో అసలు సరుకే ప్రకటన. యూపీఎస్సీ, స్టాఫ్ సెలక్షన్ కమిషన్, ప్రభుత్వ రంగ సంస్థలు, యూనివర్సిటీలు ఖాళీల నోటిఫికేషన్లు ఇస్తాయి. అంటే ఒక ప్రభుత్వ శాఖ ఇంకో ప్రభుత్వ శాఖకు డబ్బు కడుతుంది. ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో తీసుకున్నట్టే. పత్రిక ఖాతాలో ఆదాయం కనబడుతుంది గానీ, మొత్తం ఖజానాకు కొత్తగా చేరింది ఎంత అని అడిగితే జవాబు వేరుగా ఉంటుంది. ప్రకటనల ఆదాయం అని ఏ శాఖ లెక్క చెప్పినా, అందులో బయటి నుంచి వచ్చింది ఎంత, ప్రభుత్వం లోపలే చేతులు మారింది ఎంత అని విడగొట్టి చూడాలి.

ఇంకో సంగతి. రాజ్యాంగం 266వ అధికరణం ప్రకారం ప్రభుత్వానికి వచ్చే ఆదాయం సంఘటిత నిధికి చేరాలి. ఒక శాఖ నడిపే పత్రికకు వచ్చిన యాడ్ డబ్బును ఆ పత్రిక తనకు తానుగా పేజీలు పెంచడానికో, రచయితలకు పారితోషికం పెంచడానికో వాడుకోలేదు. అది ఖజానాకు పోతుంది, ఖర్చుకు మళ్లీ బడ్జెట్‌లోంచే రావాలి. ఆర్టీసీ, ఎంటీఎన్ఎల్ లాంటి కార్పొరేషన్లు, కంపెనీలు అయితే తమ ఖాతాలోనే ఉంచుకోగలవు.

చిన్న భాషల పాఠకులకు ఇక్కడే ఒక భయం ఉంది. ప్రకటనదారుకు కావాల్సింది ఎక్కువమంది కళ్లు, ఎక్కువ కొనుగోలు శక్తి. హిందీ, ఇంగ్లిష్ సంచికలకు వచ్చినన్ని యాడ్స్ ఉర్దూ సంచికకు రావాలని లేదు. ఆదాయమే కొలత అయితే మొదట ప్రశ్న పడేది అలాంటి సంచికల మీదే. కానీ ఆ సంచికలు పెట్టింది లాభం కోసం కాదు, ఆ భాష చదివేవాళ్లకు సమాచారం అందాలని. ప్రకటనలు రానంత మాత్రాన ఆ అవసరం తీరిపోయినట్టు కాదు.

టికెట్టు వెనక, రైలు డబ్బా మీద

బస్సు టికెట్ చిన్న కాగితమే. కానీ రోజూ లక్షల చేతుల్లోకి పోతుంది. ఆర్టీసీ టికెట్ రోల్స్ వెనక ప్రకటనలు వేయడం పాత పద్ధతే. 2019 ఆగస్టులో ఇదే టికెట్ ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద గొడవకు కారణమైంది. తిరుపతి నుంచి తిరుమల వెళ్లే బస్సుల్లో ఇచ్చిన టికెట్ల వెనక హజ్, జెరూసలేం యాత్రల ప్రకటన ఉంది. అది మైనారిటీల కోసం ప్రభుత్వం నడిపే పథకం సమాచారమే. వేరే చోటికి పోవాల్సిన రోల్స్ పొరపాటున అక్కడికి చేరాయని ఆర్టీసీ అధికారులు వివరణ ఇచ్చారు, వాటిని వెనక్కి తీసుకున్నారు. అయినా రాజకీయ దుమారం ఆగలేదు.

హజ్ గురించి చెప్పడం తప్పు కాదు. తిరుమలలో ఇతర మతాల ప్రచారం మీద నిషేధం ఉన్న మాట కూడా నిజమే. తప్పు ఎక్కడుందంటే ఏ రోల్ ఏ రూట్‌కు వెళ్తుందో చూసుకోని వ్యవస్థలో. స్టోర్స్‌లో జరిగిన పొరపాటుకు బజార్లో మాట పడింది మాత్రం సమాజాలు. సర్కారు కాగితం మీద ఏది పడితే అది ఎక్కడ పడితే అక్కడ వేస్తే డబ్బుకు మించిన నష్టం ఉంటుందని ఆ సంఘటన చూపించింది.

రైల్వే కూడా చార్జీలు కాని ఆదాయం కోసం 2017 జనవరిలో ప్రత్యేక విధానం ప్రకటించింది. రైళ్ల మీద, స్టేషన్లలో, లెవెల్ క్రాసింగ్‌ల దగ్గర ప్రకటనల జాగా అమ్మడం అందులో భాగం. ట్రైన్స్ ఎట్ ఎ గ్లాన్స్ టైమ్‌టేబుల్ పుస్తకంలో ప్రకటనలు అంతకుముందు నుంచే ఉన్నాయి. 2019 లోక్‌సభ ఎన్నికల వేళ రైల్వే టికెట్ల మీద, ఎయిరిండియా బోర్డింగ్ పాసుల మీద ప్రధానమంత్రి ఫోటో ఉండటం ఎన్నికల కోడ్ ఫిర్యాదులకు దారితీసింది. ప్రకటనల కోసం తెరిచిన జాగాలోకి రాజకీయం కూడా సులువుగా దూరుతుందని అప్పుడు తెలిసింది.

హైదరాబాద్ మెట్రోలో 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌ల ప్రకటనలు కనబడ్డాయని జనం నుంచి ఫిర్యాదులు వచ్చాయి. వాటిని వెంటనే తీసేయాలని మెట్రో రైల్ ఎండీ ఆదేశాలు ఇచ్చారు. ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లోనే చట్ట సవరణతో నిషేధించింది. నిషేధం ఉన్న రాష్ట్రంలో, జనం రోజూ ఎక్కే రైలు మీదే ఆ యాడ్ తిరిగింది. జాగా అమ్మే పని ఏజెన్సీకి అప్పగించి ఊరుకుంటే ఇలాగే అవుతుంది.

బయటి దేశాల్లో

అమెరికాలో దారి చాలా కఠినం. అక్కడి కాంగ్రెస్‌కు చెందిన జాయింట్ కమిటీ ఆన్ ప్రింటింగ్ నిబంధనల ప్రకారం ప్రభుత్వ ప్రచురణల్లో ప్రైవేటు వ్యక్తుల, కంపెనీల ప్రకటనలు ఉండకూడదు. ప్రభుత్వం ఫలానా సరుకును బలపరుస్తోందని అనిపించే రాత కూడా ఉండకూడదు. అయినా అదే దేశంలో తపాలా సంస్థ, ఇల్లు మారినవాళ్లకు పంపే చిరునామా మార్పు పత్రాల కవర్లో వ్యాపార ప్రకటనలు పెట్టి ఖర్చు రాబట్టుకుంటుంది.

బ్రిటన్‌లో 1665లో మొదలైన లండన్ గెజిట్ ఇప్పటికీ నడుస్తోంది. దివాలా నోటీసులు, చనిపోయినవాళ్ల ఆస్తి నోటీసులు డబ్బు కట్టే వేయిస్తారు. అక్కడే ఇంకో కథ. తూర్పు లండన్‌లో బంగ్లాదేశీ ముస్లింలు ఎక్కువగా ఉండే టవర్ హామ్లెట్స్ కౌన్సిల్ 1993 నుంచి ఈస్ట్ ఎండ్ లైఫ్ అనే వారపత్రికను ఇంటింటికీ ఉచితంగా పంచేది. బెంగాలీ పేజీలు కూడా ఉండేవి, ప్రకటనలు తీసుకునేది. కౌన్సిళ్లు పత్రికలు నడిపితే స్థానిక ప్రైవేటు పత్రికలకు రావాల్సిన యాడ్స్ పోతున్నాయని, పైగా అవి పాలకుల భజన పత్రికలు అవుతున్నాయని విమర్శలు వచ్చాయి. అలాంటి పత్రికలు ఏడాదికి నాలుగు సార్లకు మించి రాకూడదని 2011లో ప్రభుత్వ కోడ్ చెప్పింది. 2016లో ఈస్ట్ ఎండ్ లైఫ్ ఆగిపోయింది. ఈ మాట మన చిన్న పత్రికలకూ వర్తిస్తుంది. జిల్లా స్థాయి ఉర్దూ, తెలుగు పత్రికలు బతికేది కిరాణా షాపు, స్కూలు, ఆసుపత్రి యాడ్స్ మీదే. సర్కారు కూడా అదే గిన్నెలో చెయ్యి పెడితే ముందు పస్తుండేది వాళ్లే.

చట్టం గీసిన గీతలు

సర్కారు ప్రచురణలో అయినా ప్రైవేటు పత్రికలో అయినా కొన్ని ప్రకటనలు అసలు కుదరవు. పొగాకు ప్రకటనలను 2003 నాటి చట్టం నిషేధించింది. కొన్ని జబ్బులు నయం చేస్తామనే, తాయెత్తులతో మహిమలు చూపిస్తామనే ప్రకటనలను 1954 చట్టం ఆపుతుంది. ప్రభుత్వ నియంత్రణ లేని డిపాజిట్ పథకాల ప్రచారం 2019 చట్టం ప్రకారం నేరం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రకటనలను ఆపడానికి 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంటుంది.

మూడు సింహాల ముద్రను వ్యాపారానికి వాడకూడదని 2005 చట్టం చెబుతోంది. కాబట్టి ప్రభుత్వ పత్రికలో యాడ్ వేసినంత మాత్రాన ఆ ముద్రను కంపెనీ తన బ్రోచర్ మీద వేసుకునే హక్కు రాదు.

జాగా ఎవరికి అమ్మాలి అన్నదాంట్లోనూ ఇష్టారాజ్యం కుదరదు. ప్రభుత్వం ఇచ్చే కాంట్రాక్టులు, లబ్ధి ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వకూడదని, అందరికీ సమాన అవకాశం ఉండాలని 1979లో రమణ దయారాం శెట్టి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. టెండర్, బహిరంగంగా పెట్టిన రేటు కార్డు, ఒప్పుకోని ప్రకటనల జాబితా అందుకే అవసరం.

రెండు వైపులా వాదన

కావాలనేవాళ్లు అంటున్నది సూటిగానే ఉంది. కాగితం ఎలాగూ అచ్చవుతోంది, ఖాళీ జాగా వృథా పోతోంది, ఆ డబ్బుతో ధర తగ్గించవచ్చు. మేఘదూత్ లెక్క వాళ్ల పక్షానే ఉంది.

వద్దనేవాళ్లు అడిగేది వేరే. ఆసుపత్రి ఓపీ చీటీ వెనక ఒక ప్రైవేటు ల్యాబ్ యాడ్ ఉంటే రోగి ఏమనుకుంటాడు? డాక్టరు అక్కడికే పొమ్మన్నాడనుకోడా? పరిశ్రమల మీద నిఘా పెట్టే శాఖ తన పత్రికకు అదే పరిశ్రమ నుంచి యాడ్ తీసుకుంటే రేపు తనిఖీకి ఏ ముఖంతో వెళ్తుంది? హైదరాబాద్‌లో, బెంగళూరులో హలాల్ లాభం అంటూ డిపాజిట్లు గుంజిన కంపెనీల చేతిలో ఎన్ని కుటుంబాలు కూతుళ్ల పెళ్లికి దాచిన సొమ్ము పోగొట్టుకున్నాయో అందరికీ తెలిసిందే. అలాంటివాళ్ల యాడ్ ఒక్కసారి సర్కారు కాగితం మీద వచ్చి ఉంటే నష్టం ఇంకెంత పెరిగేదో ఊహించుకోవచ్చు.

ఈ రెండింటి మధ్య దారి కూడా ఉంది. టికెట్, టైమ్‌టేబుల్, పోస్టుకార్డు లాంటివి వేరు. రేషన్ కార్డు, ఆసుపత్రి చీటీ, కోర్టు సమన్లు, బడి పుస్తకం లాంటివి వేరు. మొదటి రకంలో చదివేవాడికి యాడ్ నచ్చకపోతే వదిలేస్తాడు. రెండో రకంలో అతను అవసరంలో, భయంలో ఉంటాడు, చెప్పిందల్లా నమ్ముతాడు. నమ్మకం ఒక అమానత్ లాంటిది, దాన్ని తాకట్టు పెట్టి తెచ్చే ఆదాయం ఆదాయం కాదు.

కుటుంబాలు గుర్తుంచుకోవాల్సినవి

- ప్రభుత్వ పత్రికలో, టికెట్ మీద, మెట్రోలో యాడ్ ఉందంటే ఆ కంపెనీని సర్కారు పరీక్షించి సరేనన్నట్టు కాదు. జాగా అద్దెకు ఇచ్చారంతే.

- ఎంప్లాయ్‌మెంట్ న్యూస్‌లో వచ్చిన ఉద్యోగ నోటిఫికేషన్‌ను కూడా ఆ సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లో సరిచూసుకున్నాకే ఫీజు కట్టాలి. పేపర్ కటింగ్ ఫోటోను వాట్సాప్‌లో చూసి డబ్బు పంపకూడదు.

- పేరు మార్పుకు గెజిట్ ప్రకటన ఇచ్చేటప్పుడు పాత పేరు, కొత్త పేరు, తండ్రి లేదా భర్త పేరు అక్షరం అక్షరం చూసుకోవాలి. తప్పు పడితే బాధ్యత ఇచ్చినవాళ్లదే.

- మోసపు ప్రకటన కనబడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ప్రకటన ఫోటో, తేదీ, ఎక్కడ చూశారో రాసిపెట్టుకోవాలి.

- ఏ శాఖ ప్రకటనల జాగాను ఎవరికి, ఎంతకు, ఎన్నేళ్లకు ఇచ్చిందో సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. కేంద్ర శాఖలకు దరఖాస్తు ఫీజు 10 రూపాయలు. అడగాల్సినవి నాలుగు: టెండర్ పిలిచారా, ఏడాదికి ఎంత వస్తోంది, అందులో ప్రైవేటు ప్రకటనల వాటా ఎంత, ఏ రకం ప్రకటనలను తిరస్కరించారు.

ఆ నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబు అన్నిటికన్నా ముఖ్యం. ఒక్క ప్రకటనను కూడా కాదనలేదని శాఖ చెప్పిందంటే, అక్కడ ఎవరూ చూడటం లేదని అర్థం.